దొరకని అనుభవపత్రం

ఏ వస్తువునైనా విప్పి చూడందే నమ్మని మా మేనకోడలు ఆ ఉద్యోగ ప్రకటనను మాత్రం సగమే ఎందుకు చదివిందో నాకిప్పటికీ అర్థం కాదు. కొత్త గొడుగు కొన్నా పదిసార్లు తెరిచి మూసి, "ఇందులో కొత్తేముంది మావయ్యా?" అని పెదవి విరిచే రకం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. కొత్త ఆవిష్కరణల దరఖాస్తులు చదివి, అందులో నిజంగా కొత్తదనముందో లేదో తేల్చే పేటెంట్ పరిశీలకుల పరీక్ష గట్టెక్కింది గానీ, అంతకుముందు పనిచేసిన పంపుల ఫ్యాక్టరీ మూతపడి, అనుభవపత్రం ఇచ్చే నాథుడు లేకపోయాడు. సర్టిఫికెట్లు చూసే రోజున సంచి పట్టీ మెలిపెడుతూ, "అనుభవానికి కాగితం దొరకలేదండీ," అంది. గుమాస్తా తలెత్తలేదు. "అది పై పోస్టుకమ్మా. మీ పోస్టుకి డిగ్రీ చాలు. ప్రకటన చివరిదాకా చదవలేదా? రేపట్నుంచి చదవడమే కదా మీ ఉద్యోగం." మా పిల్ల నవ్వేసింది. తోడొచ్చిన నేను బెంచీ మీదున్న సంగతే మరిచి, "అమ్మా, డిగ్రీ చాలంట," అని ఫోనులో చెబుతూ మెట్లు దిగి వెళ్లిపోయింది.