పక్కన ఎవరైనా ఉన్నారా?

కరోనా తగ్గాక రెండో ఎండాకాలం. ఖిలా వరంగల్‌లో విలువల సర్వే జరుగుతోంది. దేవుడు, కుటుంబం, ఇరుగుపొరుగు, నమ్మకం గురించి మనుషులు ఏమనుకుంటారో చాలా దేశాల్లో ఒకే ప్రశ్నలతో అడిగి పోల్చి చూసే పని అది. ఇళ్లకు వెళ్లి అడిగేవాళ్లు వేరు. వచ్చిన జవాబులను లెక్కగట్టి, అనుమానం ఉన్నవాటిని పట్టుకోవడం నా పని. స్టాటిస్టిక్స్ నేను కాలేజీలో చదవలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను.

సర్వేలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ పక్కింట్లో ఎలాంటివాళ్లు ఉండకూడదనుకుంటారు? వేరే మతంవాళ్లు, తాగుబోతులు, రోగాలున్నవాళ్లు, ఇలా వరుసగా చదువుతాం. తాగుబోతులనైతే దాదాపు అందరూ వద్దంటారు. కోటగోడ వెనక ఒక గల్లీలో మాత్రం ఏ ఇల్లూ ఎవరినీ వద్దనలేదు.

అన్ని ఇళ్లూ ఒకే జవాబిస్తే ముందుగా ఫేక్ ఇంటర్వ్యూ అని అనుమానిస్తాం. అంటే గడప తొక్కకుండా కూర్చుని రాసినది. పైగా ప్రతి ఫారం చివర 'అడుగుతున్నప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?' అనే గడి ఉంటుంది. ఆ గల్లీ ఫారాలన్నిటిలో 'ఉన్నారు' అనే ఉంది. ఆ ఉన్నది ఎవరో మాత్రం రాసి లేదు.

వాటిని చేసింది పరకాల నుంచి వచ్చే స్వప్న. ఫేక్ అని తేలితే ఆమెను తీసేస్తారు, ఇంకే సర్వేలోనూ పెట్టుకోరు. పిలిచి అడిగితే ఆమె తడబడలేదు.

"నేను కూసోని రాయలే సార్. మీరే పోయి అడుగుండ్రి. కాకపోతే జర మెల్లగ అడుగుండ్రి."

బ్యాక్‌చెక్ అంటే అవే ఇళ్లకు మళ్లీ వెళ్లి కొన్ని ప్రశ్నలు తిరిగి అడగడం. మిట్టమధ్యాహ్నం వెళ్లాను. గల్లీలో అలికిడి లేదు. మొదటి ఇంట్లో ఎల్లమ్మ అనే పెద్దావిడ ఒక్కతే ఉంది. ఈ ప్రశ్నలు సర్కారుకా, సంబంధం చూసేవాళ్లకా అని నన్ను ఆట పట్టించింది. పొరుగు ప్రశ్న చదవగానే నవ్వు ఆగిపోయింది. ఎదురుగా తాళం వేసి ఉన్న ఇంటివైపు తిరిగి, దానికి చెబుతున్నట్టు గొంతు పెంచింది.

"ఎవ్వలచ్చినా మంచిదే. మేం వద్దనం."

రెండో ఇంట్లోనూ అటే తిరిగి, అంతే గట్టిగా చెప్పారు. మూడో ఇంట్లోనూ అంతే.

మళ్లీ ఎల్లమ్మ దగ్గరికి వచ్చి ఆ ఇంటి సంగతి అడిగాను. కరోనా రోజుల్లో దవాఖానలో పనిచేసే ఒక నర్సమ్మ అందులో అద్దెకుండేదట. రోగం తెస్తుందని గల్లీ అంతా ఒక్కటై ఖాళీ చేయించారట. సామాను పట్టుకుని, ప్రతి గుమ్మం ముందూ ఆగి, "పోయొస్త" అని చెప్పి వెళ్లిందట. ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు.

"అస్తనన్నది గద సారూ," అంది ఎల్లమ్మ.

అందుకని రోజుకొక ఇల్లు వంతు వేసుకుని ఆ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెడుతున్నారు. అటు చూశాను. అంత ఎండలోనూ వాకిలి తడి ఆరలేదు. ముగ్గు అప్పుడే వేసినట్టుంది. ఇవాళ ఎవరి వంతని అడిగాను.

"హఫీజాబీది. ఆమె పొద్దుగాల ఊడ్చి నీళ్లు సల్లుతది, గంతే. వాళ్లల్ల ముగ్గు పెట్టరు."

"మరి ఆ ముగ్గు?"

ఎల్లమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "మేం అడుగం సారూ. మీరు గుడ అడగకుండ్రి."

స్వప్న ఇంటర్వ్యూల్లో ఒక్కదాన్నీ తీసేయలేదు. ఆమె ఇప్పటికీ మాతోనే పనిచేస్తోంది. విలువలంటే మనిషి తన మనసులో తాను దాచుకునేవి, పక్కన ఎవరూ లేనప్పుడు చెప్పినదే నిజమని అంతవరకూ నా నమ్మకం. ఎవరో వింటున్నారని తెలిసి, వాళ్ల కోసమే చెప్పే మాట కూడా విలువేనని ఆ గల్లీలో తెలుసుకున్నాను.

ఆ రోజు నా ఫారంలో చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. అక్కడ ఎల్లమ్మ, నేను తప్ప వేరే మనుషులెవరూ లేరు.

'ఉన్నారు' దగ్గర టిక్కు పెట్టాను.