సమ్మెలో వచ్చిన గుండెనొప్పి

ఎల్లమ్మ తారీఖులు గుర్తుపెట్టుకోదు. ఏది ఎప్పుడు జరిగిందన్నా తెలంగాణ ఉద్యమం లెక్కనే చెబుతుంది. కొడుకు జోయల్ కాలు విరిగింది మిలియన్ మార్చ్‌కు ముందు. మీర్‌పేటలో ఈ ఇంట్లో కిరాయికి దిగింది రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో మొదటిసారి ప్రకటించినప్పుడు. ఆమె చెప్పాక ఎవరూ మళ్లీ అడగరు.

ఒకరోజు సాయంత్రం ఇంటి యజమాని రామమోహనరావు వరండాలో కూర్చుని, గుండెనొప్పి ఎప్పుడొచ్చిందని కొత్త డాక్టరు అడిగితే చెప్పలేకపోయానన్నాడు.

"సకల జనుల సమ్మె మొదలైన కొత్తల సార్. దసరాకు శానా ముందుగాల," అంది ఎల్లమ్మ.

"కాదు ఎల్లమ్మా, ఆ గొడవల్లో నవరాత్రులప్పుడు," అంది ఆయన భార్య సీతామహాలక్ష్మి. భీమవరం నుంచి వచ్చి ఎన్నేళ్లయినా ఆమెకు అవి గొడవలే. "దారిలో బతుకమ్మ కూడా ఆడుతున్నారుగా."

"గది పండుగ బతుకమ్మ గాదమ్మా, రాస్తారోకోది. గా గుంపుల నేనున్న."

నిజమే. చర్చిలో పాస్టరమ్మ ఏమంటుందో అనుకుంటూనే ఆ రోజు ఎల్లమ్మ కర్మన్‌ఘాట్ రోడ్డు మీద బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగింది. ఎదురుగా యజమాని కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది తన భర్త ఇస్సాకు. ఆర్టీసీ డ్రైవరు, తనూ సమ్మెలోనే ఉన్నాడు. వెనక సీట్లో రామమోహనరావు భార్య ఒళ్లో వాలిపోయి ఉన్నాడు. ఎల్లమ్మ ఎవరినీ అడగలేదు. వంగి బతుకమ్మను రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది.

"జరుగుండ్రి, దవాఖానకు పోతున్నరు."

గుంపు దారి ఇచ్చింది.

రామమోహనరావు అంతా విని నెమ్మదిగా అన్నాడు. "కానీ నేను దసరా ఆసుపత్రిలోనే చేసుకున్నాను ఎల్లమ్మా. నన్ను చేర్చి నాలుగు రోజులు కూడా కాలేదు. ఇస్సాకు వచ్చి నా చేతిలో జమ్మి ఆకు పెట్టి కావలించుకున్నాడు. మావైపు ఆ అలవాటు లేదు."

ఎల్లమ్మకు ఈ మాట కొత్త. ఇస్సాకు డ్యూటీ దిగి గేటు తీస్తుంటే అక్కడే అడిగింది.

"ఇచ్చిన," అన్నాడతను. "డిపో కాడ తోటి డ్రైవర్ బక్కయ్య నాకిచ్చిండు. పండుగ పూట సారు ఆడ మంచం మీద పండుకొని ఉండె. ఇయ్యకుంట ఎట్లుంట?"

"మరి నాకు చెప్పకపోతివి?"

"గది గూడ చెప్పాల్నా?"

ఎల్లమ్మ వరండా వైపు తిరిగింది.

"దసరా దినాలల్లనే సార్. నేనే తప్పు చెప్పిన. డాక్టరుకు గట్లనే చెప్పుండ్రి."