రేకుల గదిలో ప్రార్థన కూటం

మా పక్కగది మిషనక్క బట్టలు కుడుతుంది, కుడుతూ తిడుతుంది. సూదిలోకి దారం ఎక్కకపోయినా తిడుతుంది, ఆదివారం ప్రసంగం సాగదీసినా తిడుతుంది. తిట్టుకీ తిట్టుకీ మధ్య "స్తోత్రం" అంటుంది.

మావి వరస గదులు, పైన రేకులు. ఓనరు మా చర్చి సంఘపెద్దే. పొడుగు ప్రార్థనలకి పేరుమోసిన మనిషి. ఆయన కళ్ళు మూసుకుంటే పిల్లలు ఓ కునుకు తీసి లేవొచ్చు. మా గదులకి నీడనిచ్చే చెట్టొకటి ఉండేది. కారు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని దాన్ని కొట్టించేశాడు మహానుభావుడు.

కిందటి వేసవిలో ఆ రేకుల కింద అక్క వాళ్ళమ్మ మంచం పట్టింది. అక్క వెళ్ళి, "కాస్త సీలింగు వేయించండి పెద్దాయనా, అమ్మ తట్టుకోలేకపోతోంది" అని బతిమాలింది. ఏమన్నాడో తెలుసా? "ఇవి కడవరి రోజులమ్మా. ఎండలు ముదరక ఏం చేస్తాయి? కప్పు మీద కాదు, ప్రార్థన మీద దృష్టి పెట్టండి."

ఆ మాట విని వాళ్ళమ్మ, పిచ్చితల్లి, నిజమే కాబోలనుకుని ప్రార్థన చేసుకుంటూ పడుకుంది. ఆ వారంలోనే వడదెబ్బకి పోయింది. సమాధి దగ్గర కూడా ఆయనే పొడుగు ప్రార్థన చేశాడు. నాకు అక్కడే కడిగెయ్యాలనిపించింది.

అక్క ఏడవలేదు. "వీణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టకపోతే నేను మా అమ్మ కడుపున పుట్టలేదు" అంది నాతో. పాస్టరు గారికి అనుమానం వచ్చి, "పగ సంగతి దేవుడికి వదిలెయ్యమ్మా" అన్నారు. "వదిలేశానండీ. దేవుడికి కాస్త చోటు చూపిస్తానంతే" అంది.

ఈ వేసవిలో ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూటం అక్క వంతుకొచ్చింది. ఎవరైనా సాయంత్రం పెట్టుకుంటారు. అక్క మాత్రం గుళ్ళో అందరి ముందూ లేచి, "సాయంత్రాలు నాకు కుట్టుపని ఉంటుంది, మిట్టమధ్యాహ్నం పెట్టుకుందాం" అంది. పాస్టరు గారు నసిగారు. "ఎండకి జడిసేవాళ్ళు విశ్వాసులెలా అవుతారు? పెద్దాయన చెప్పే మాటే కదండీ!" అంది ఏమీ ఎరగనట్టు. పెద్దాయనకి సరేనని తలూపక తప్పలేదు.

కూటం రోజున ఆయన్ని మహా మర్యాదగా వాళ్ళమ్మ మంచం మీద కూర్చోబెట్టింది. మేమంతా గుమ్మం దగ్గర సర్దుకున్నాం. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంబరంగానే ఉంది. ఆయన కళ్ళు మూసుకుని, ఆకాశాన్నీ భూమినీ చేసిన దేవుడికి కృతజ్ఞతలతో మొదలుపెట్టాడు. చెట్ల దాకా రాకముందే గొంతు ఎండిపోయింది. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గబుక్కున "ఆమెన్" అని లేవబోయాడు.

"అప్పుడే ఆమెనా?" అంది అక్క. "కూర్చోండి పెద్దాయనా. మా అమ్మ ఇక్కడే పోయింది. మీ మాట నమ్మి, నీళ్ళడగడానికి కూడా ఓపిక లేక పోయింది. దేవుడు మొదటి మనిషికి తోట అప్పగించింది కాపాడమని. మీరు చెట్టు కొట్టి కారు పెట్టారు. ఎండ సంగతి పైకెళ్ళాక ఆయన్నే అడుగుతాను. ఈ కప్పు మాత్రం మీది."

పాస్టరు గారు కూడా ఆయన వైపు మాట్లాడలేదు. అక్కే చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పనివాళ్ళొచ్చారు. పైన రేకులకి తెల్ల రంగేసి, కింద సీలింగు బిగించి, భోజనాలవేళకి సామాను సర్దుకున్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి అక్క గదిలోకి పరిగెత్తాను. హాయిగా ఉంది లోపల.

"సాధించావక్కా!" అన్నాను.

అక్క నేల మీద కూలబడి ఉంది. సమాధి దగ్గర రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"ఒక్కపూట పని చెల్లీ" అంది. "ఒక్కపూట పనికి మా అమ్మని చంపేశాడు."

నేనింకా ఏదో అనబోయాను. "క్షమించమని మాత్రం అనకు" అంది. "దేవుడే వచ్చి అడిగినా, ఇవాళ నా వల్ల కాదు."