కెజయా ముక్కు

బ్రాడ్‌ఫర్డ్ ఉన్నిమిల్లుల వీధిలో ఉండే కెజయా వాసన చూడనిదే దేన్నీ నమ్మదు. పాలచెంబు, చేపలవాడి బుట్ట, చివరికి పాదిరిగారి కోటు కూడా ఆమె ముక్కు కిందనుంచి పోవలసిందే. మొగుడు ఒబడయా ఇక సారా ముట్టనని చర్చిలో ఒట్టేసి, గుర్తుగా కోటుకి నీలం రిబ్బను తగిలించుకున్నాడు. ఆ వారమే కాలేయానికీ మూత్రపిండాలకీ మంచిదంటూ ఒక సీసామందు తాగడం మొదలుపెట్టాడు. అది తాగినప్పుడల్లా పాటందుకునేవాడు.

"కాలేయం బాగుపడితే పాటలొస్తాయా ఏమయ్యా?"

"మందుమీద కూడా అనుమానమేనా నీకు? వేళ్ల కషాయమే అది!"

ఆమె బిరడా వాసన చూసింది. లవంగాల ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. అయినా మనసు ఒప్పక, చెంచాడు మందు పొయ్యిలో పోసింది. సారా పోసినట్టే నీలంగా భగ్గుమంది.

ఒబడయా ఆ మంటకేసి చూశాడు. తర్వాత రిబ్బను విప్పి బల్లమీద పెట్టాడు. సీసాకి మాత్రం బిరడా బిగించి, జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.