మల్లేశం లేవన్న రాతి ఇళ్లు

సముద్రం ఒడ్డున చేపలోళ్ల పాత ఊర్లో రాతి ఇళ్లున్నాయని, దూరం నుంచి చూశానని, మా ఉధ్నా వలస తెలుగు నేతగాళ్ల సంఘం మీటింగులో మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఒక్కసారైనా ఎవరూ పట్టించుకోలేదు. కార్యదర్శి మల్లేశం అయితే, "నువ్వు చూసింది గోరీలు గావచ్చు, అన్నా" అని అందరినీ నవ్వించాడు. లాక్‌డౌన్ సడలించాక పోయిన నెల పెట్టిన మీటింగులో కూడా అదే మాట. నుదుటికి బ్యాండేజీ వేసుకొచ్చి మరీ అన్నాడు. దెబ్బ ఎట్లా తగిలిందని అడిగితే సాంచ తగిలిందన్నాడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లం మేమంతా. నుదుటికి తగిలే సాంచను నేనైతే చూడలేదు.

అందుకే ఈసారి దగ్గరికి పోయి చూద్దామని ఆదివారం పొద్దున ఏడున్నరకు ఉధ్నాలో బస్సెక్కాను. ఒక సీటు విడిచి ఒక సీటుకు ఇంటూ గుర్తు వేశారు. ఆ గుర్తు మీదే కూర్చున్న పెద్దమనిషి నన్ను చూసి, "జర దూరం కూసో, భాయ్" అన్నాడు. సముద్రం ఒడ్డున డుమస్‌లో దిగి టమాటా భజియా, అంటే మన బజ్జీయే, తిన్నాను. మాస్కు దించితే పోలీసు చూస్తున్నాడు, దించకపోతే భజియా చల్లారుతోంది. వెళ్లేవాళ్లు పోలీసుకు వీపు పెట్టి నిలబడండి.

అక్కడి నుంచి ఆటోలో ఊరి మొదటికి చేరాను. దారికి అడ్డంగా వెదురు కట్టి, ఒకతను కాపలా ఉన్నాడు. "బయటోళ్లకు లోపలికి లేదు. కరోనా" అన్నాడు. ఇళ్లు చూసి పోతానన్నాను. "ఇళ్లల్ల ఏముంది చూడనీకి?" అన్నాడు. నేను కదల్లేదు, వెదురు పక్కనే కూర్చున్నాను.

వెదురుకు అవతల జసుబెన్ అనే ముసలామె వల బాగు చేసుకుంటోంది. వల కొస ఒకటి నా వైపు పడింది. అందులో కన్ను తెగి ఉంది. తెగింది కనపడితే నా చెయ్యి ఊరుకోదు. సాంచ మీద తెగిన పోగును అతికినట్టే ముడి వేశాను. ఆమె ముడిని లాగి చూసింది, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. అచ్చం ఆమె వేసే ముడే.

"ఎవరు నేర్పిండ్రు?" ఆమె గుజరాతీని మన మాటల్లో రాస్తున్నాను.

"మా నాయిన. మేం ఉధ్నాల బట్ట నేసేటోళ్లం."

"ఈయన మనోడే, రానియ్" అంది కాపలా అతనితో.

ఆమె ఇల్లు నల్లరాయి. గోడ మందం నా మూరెడు. రాళ్ల మధ్య సున్నం, పైన ఉప్పు తెల్లగా పేరుకుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపల కుండలో ఉన్నట్టు చల్లన. గోడ మేకులకు వలలు, దూలానికి ఎండు బోంబిల్ చేపలు. వాకిలి ఎత్తు మాత్రం నా గడ్డం దాకే ఉంది.

"వంగు, వంగు" అంది జసుబెన్. "పోయిన నెల మీ ఉధ్నా ఆయన ఒకడు వంగలే. నుదురు పగిలింది. పసుపు నేనే అద్దిన."

"ఎట్లుంటడు?"

"పొడుగు. మాస్కు గడ్డం కింద. ఇళ్లన్నీ తిరిగి చూసిండు. నేను జూసినట్టు మావోళ్లకు చెప్పకు అన్నడు."

"ఆయన్ని వెదురు దాటి ఎట్ల రానిచ్చిండ్రు?"

"బోంబిల్ కొంటనన్నడు. కొనేటోళ్లకు అడ్డం లేదు."

నేను ఎండలో కూర్చుని ముడి వేస్తే తప్ప దొరకని దారి, చేపలు కొంటానంటే చాలట. ఇది కూడా గుర్తుంచుకుంటాను.

తిరుగు బస్సులో ఇంటూ గుర్తు లేని సీటే దొరికింది. కిటికీలోంచి అపార్టుమెంట్లు కనపడుతున్నాయి. మధ్యాహ్నానికే కాగే ఆ గోడల్లో ఉండేవాళ్లు, ఒక్కసారైనా ఆ నల్లరాయికి వీపు ఆనించి కూర్చోవాలి. వాకిట్లో మాత్రం వంగండి.

మల్లేశం, వచ్చే మీటింగులో అందరి ముందు లేచి చెప్పు. నీ నుదురు పగలగొట్టింది గోరీయా, ఇల్లా?