మడమ కింద గడ్డి

మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ముందు నిన్న ఆగిపోయాను. తడి గడ్డి వాసన. మిట్టమధ్యాహ్నం, ఫాల్గుణపు ఎండలో, పైపులు గిరగిరా తిరుగుతూ పచ్చిక మీద నీళ్లు చిమ్ముతున్నాయి. ఈ వేళప్పుడు నీళ్లు పెట్టమని వీళ్లకు ఎవడు చెప్పాడు? ఒళ్లు మండింది. అలా మండినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది నర్సింహులు మేస్త్రీ.

పంతొమ్మిది వందల డెబ్బైలలో ఈ చుట్టుపక్కలే, బండల నడుమ, ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. నేనూ సైదులూ అక్కడ మాలీలం, మేస్త్రీ మా పెద్ద. జెండా పాతిన గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అనేవాళ్లం. శివరాత్రి వెళ్లగానే ఎవరి గ్రీన్ వాళ్లు ఇనుప ముళ్లతో పొడిచి, జల్లించిన ఇసుక, మాగిన ఎరువు చల్లి ఎండాకాలానికి సిద్ధం చేయాలి. ఉగాదినాడు బాగా చేసినవాడికి క్లబ్బు బంగళా ముందరి గ్రీన్ అప్పగించేవాడు మేస్త్రీ. దొరలంతా చూసేది దాన్నే. అది ఏటా సైదులుకే దక్కేది. నాకేం తక్కువ?

పొద్దున్నే మేస్త్రీ చెప్పులు విడిచి గడ్డి మీద మడమ నొక్కేవాడు. అడుగు ముద్ర అలాగే ఉండిపోతే నీళ్లు. గడ్డి లేచి నిలబడితే లేదు. నాది ఎప్పుడూ లేచేది. అయినా నేను పైపు పట్టుకునే ఉండేవాణ్ణి.

"గడ్డికి దూప లేదు రాజయ్యా, నీకే ఉన్నది," అనేవాడు. దూపంటే దాహం.

"అన్నా, బాయిల నీళ్లు జర మాకూ ఉంచు," అని సైదులు నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఒక ఏడు ఉగాది ముందర మోటరు కాలింది. తొట్టిలో ఉన్న నీళ్లు ఒక్క గ్రీన్‌కే సరిపోతాయి. "రాజయ్యకు పెట్టుండ్రి," అన్నాడు మేస్త్రీ. నేను మీసం దువ్వుకుంటూ సైదులు వైపు తిరిగాను. "చూసినవా?"

"గంత సంబురపడకు," అన్నాడు మేస్త్రీ. "వానిది నీళ్లు లేకున్నా బతుకుతది. నీది బతకదు."

బంగళా గ్రీన్ మళ్లీ సైదులుకే. నాది రాతి నేల, ఆయనకు తెలియదా? ఆ కక్షతోనే అక్షరాలు కూడబలుక్కుని మట్టి గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒక్కటీ నా పక్షాన మాట్లాడలేదు. రోజూ తడిపితే వేరు పైపైనే ఉండిపోతుందట.

నిన్న ఆ మేడ ముందు చెప్పు విడిచి మడమ నొక్కాను. గడ్డి చప్పున లేచింది. "దీనికి దూప లేదు, బంద్ చేయుండ్రి," అని కాపలావాణ్ణి కేకలేశాను. మేస్త్రీ ఉండి వింటే మెచ్చుకునేవాడే.

సైదులునే.