ఏడు ఉల్లిపొట్టు ముక్కలు

మనిషి నిప్పు ఏ రోజున కనిపెట్టాడో ఎవరికీ తెలియదు. మా వీధి దర్జీ ఒంటికన్నుతో చూడడం ఏ రోజున మొదలుపెట్టాడో మాత్రం ఆయనకు తారీఖుతో సహా గుర్తుంది. పాంటు రెండు కాళ్ళూ సమంగా ఉన్నాయో లేదో తేల్చడానికి, ఎడమచేతిలోదాన్ని ఎడమకంటితోనూ కుడిచేతిలోదాన్ని కుడికంటితోనూ విడివిడిగా విచారిస్తాడు. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ తీర్పుకు అప్పీలు లేదు.

అంతటివాడు, భార్య అక్కగారింటికి వెళ్ళిన మర్నాడే, ఆవిడ నూలు శాలువాను ఇస్త్రీపెట్టెతో కాల్చాడు. అరచేయంత చిల్లు. ఆవిడ తల్లి ఉల్లిపొట్టుతో రంగువేసిన శాలువా అది. తల్లి గుర్తుగా మిగిలింది అదొక్కటే. ఆదివారం ఆవిడ వచ్చేలోగా అదే రంగు ముక్క అతికించాలి.

కూరగాయలావిడ దగ్గర సంచెడు పొట్టు తెచ్చాడు. ఎందుకని అడిగితే తలనొప్పికన్నాడు. తెల్లగుడ్డను పటికనీళ్ళలో నానబెట్టి, పొట్టు మరిగించి వడగట్టిన నీళ్ళలో గంటసేపు ఉడికించాడు. అంతా అత్తగారి లెక్కే. బతికుండగా ఎదురు చెప్పనివాడు ఇప్పుడేం చెబుతాడు?

ఆరిన ముక్కను కుడిచేత్తో, శాలువాను ఎడమచేత్తో పట్టుకుని విచారించాడు. ముక్క వెలిసినట్టుంది. చేతులు మార్చాడు. ఈసారి శాలువాయే వెలిసినట్టుంది. నీళ్ళను అనుమానించాడు, పటికను అనుమానించాడు, చివరికి కూరగాయలావిడ నిజాయితీని కూడా అనుమానించాడు. రోజుకో ముక్క చొప్పున ఏడు ముక్కలయ్యాయి. ఒక్కటీ ఒక మాట మీద నిలబడలేదు.

ఆవిడ శనివారమే దిగింది. తీగ మీద ముక్కలు, బల్ల మీద చిల్లు, మధ్యలో మొగుడు. ఆయన ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆవిడ చిల్లు అంచును వేలితో తడిమింది.

"ఏడు రంగులొచ్చాయి. ఏది దగ్గరో తేలట్లేదు," అన్నాడు.

"ఏడెక్కడండీ? అన్నీ ఒకటే," అంటూ ఓ ముక్క తీసి చిల్లు మీద పరిచింది. "అచ్చం అమ్మ రంగే."

"ఓ కన్ను మూసి చూడు."

ఆ కన్నూ ఈ కన్నూ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడూ అదే. సూది ఇటివ్వండి, నేను కుడతా."

ఆయన కుడికంటి శుక్లం తీసి అప్పటికి మూడు వారాలు. అన్నిటికీ పసుపు పులిమే ఎడమకంటిది వచ్చే నెల తీస్తారు.